ఓడ ఎక్కడుందో చెప్పని బాబాయి

మొన్నామధ్య ఎక్కడో సముద్రం అడుగున కేబుళ్ళు తెగిపోయాయని వార్తల్లో వచ్చింది. ఆ రెండు మూడు రోజులూ మా అమీర్‌పేట మైత్రీవనంలో పాఠాలు సరిగ్గా సాగలేదు. నేను అక్కడ ఒక కోచింగ్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెబుతాను. తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. పిల్లలు ఫోన్లు పైకెత్తి పట్టుకుని కిటికీ దాకా వెళ్ళి వస్తున్నారు, అక్కడేదో నెట్ దాక్కున్నట్టు. ముందు బెంచీలో కూర్చునే సిద్దిపేట అబ్బాయి లేచి అడిగాడు.

"మేడమ్, గంత లోతుల తెగిన వైరు ఎట్ల దొర్కుతది? ఎవలన్న మునిగి తీస్తరా?"

"దానికని వేరే ఓడలుంటాయి," అన్నాను. "ముక్కు దగ్గర పెద్ద చక్రాలుంటాయి వాటికి. కొక్కెం కిందికి దించి ఈడ్చుకుంటూ పోతారు. తీగ తగిలితే పైకి లాగి, తెగిన రెండు కొసలూ పట్టుకుని అతుకుతారు."

"మీకెట్ల ఎర్క?"

"మా బాబాయి చేశాడు ఆ పని."

అనేశాక, అంత ధీమాగా ఎలా చెప్పానా అనిపించింది. బాబాయి గురించి ఏ మాటైనా అంత సూటిగా చెప్పగలిగిన మనిషి మా ఇంట్లో లేదు. నా ఉద్యోగమే అనుమానించడం. ఎదటివాడు బాగానే పనిచేస్తోందన్న దాన్ని పది వైపుల నుంచి నొక్కి చూడమని నేర్పుతాను. కానీ ఆ విద్య నాకు కోచింగ్ సెంటర్లో పట్టుబడింది కాదు. సుభద్ర పిన్ని ఇంట్లో, బాబాయిని చూస్తూ పట్టుబడింది.

ఆయన పోయి ఏడాది దాటింది.

బాబాయికి ఒక వింత జబ్బు ఉండేది. "ఎక్కడ" అన్న మాటతో మొదలయ్యే ఏ ప్రశ్నకీ జవాబు చెప్పలేడు. ఎక్కడికి బాబాయ్ అంటే "ఇక్కడికే." ఎక్కడి నుంచి అంటే "బయటి నుంచి." రెండు చేతులా కూరల సంచులు మోసుకుని, చెమటలు కక్కుతూ మెట్లెక్కి వస్తాడు. ఎర్రగడ్డ రైతుబజార్ నుంచేనని సంచిలోంచి తొంగిచూసే తోటకూర కాడలే చెబుతుంటాయి. "ఎర్రగడ్డ వెళ్ళారా?" అని పిన్ని అడిగితే, "కూరలు దొరికే చోటికి" అని చెప్పులు విప్పుతాడు. కావాలని ఏడిపిస్తున్నాడని కొత్తవాళ్ళు అనుకుంటారు. ఆ మొహం చూస్తే అలా అనిపించదు. ప్రశ్న వినగానే కళ్ళు ఒక్క క్షణం గది నాలుగు మూలలా తిరిగి వస్తాయి, ఎవరైనా వింటున్నారేమోనన్నట్టు.

ఏ ఇంటికెళ్ళినా గుమ్మం కనబడే కుర్చీలోనే కూర్చునేవాడు. ఆ కుర్చీలో ఎవరైనా ఉంటే నిలబడే ఉండేవాడు గానీ గుమ్మానికి వీపు పెట్టేవాడు కాదు. అమీర్‌పేట సందుల్లో స్తంభం నుంచి స్తంభానికి జడలు కట్టి వేలాడే నల్లటి కేబుళ్ళ కింద నడిచేటప్పుడు మాత్రం దారి మరిచి తల పైకెత్తేవాడు. "చూడు అమ్మలూ, ఏది ఎవడిదో ఎవడికీ తెలీదు," అని గొణుక్కునేవాడు. ఎక్కడైనా టేపు చుట్టిన అతుకు చేతికందితే వేళ్ళతో తడిమేవాడు. "మధ్యలో తీగ ఎప్పుడూ బాగానే ఉంటుంది. అతుకు దగ్గరే చూడాలి. మోసమంతా అతుకు దగ్గరే." ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో.

సాయంత్రం మేడ మీద నడక ఇంకో వింత. అందరూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తారు. బాబాయి పిట్టగోడ పక్కన మొదలుపెట్టి గుండ్రంగా తిరిగేవాడు. ఒక్కో చుట్టుకీ ఒక అడుగు లోపలికి జరిగి, చివరికి మేడ నడిబొడ్డున నీళ్ళ ట్యాంకు దగ్గర ఆగేవాడు. మళ్ళీ అక్కణ్ణుంచి చుట్లు విప్పుకుంటూ పిట్టగోడకి వచ్చేవాడు. మూడో అంతస్తు ఆవిడ పిన్నితో, "మీ ఆయన ఏదో పూజ చేస్తున్నారా?" అని అడిగింది. పిన్ని ఇంటికొచ్చి నాతో, "పూజో, ఎవత్తి కోసం మొక్కో" అంది.

పిన్ని అనుమానం సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే బాబాయిని సగమే చెప్పినట్టు.

వాళ్ళది కాకినాడ. పెళ్ళైన కొత్తలో బాబాయి బొంబాయి వెళ్ళి ఓడ ఎక్కాడు. మామూలు సరుకుల ఓడ కాదు, ఎవరో పరదేశపు నౌకాదళం వాళ్ళకి సముద్రంలో కేబుళ్ళు బాగుచేసే ఓడ. అంతవరకే అందరికీ తెలుసు. మిగతా నావికుల భార్యలకి సింగపూర్ అనో, ఆఫ్రికా అనో ఏదో ఒక ఊరి పేరు ఉండేది. పిన్నికి ఉండేది కాదు. ఓడ ఎక్కడుందని అడిగితే బాబాయి "సముద్రంలో" అనేవాడు. "చెప్పకూడదు, ఒట్టు వేయించుకున్నారు," అనేవాడు.

వాళ్ళకొక పాప పుట్టింది. చిట్టి అని పిలిచేవాళ్ళు. నాలుగేళ్ళ వయసులో జ్వరం తగిలి, మెదడుకెక్కి, ఆసుపత్రిలో పోయింది. బాబాయి ఓడలో ఉన్నాడు. కంపెనీకి టెలిగ్రాం ఇచ్చారు. ఆయన వచ్చేసరికి నెలలు గడిచిపోయాయి. గుమ్మంలో పెట్టె దించకముందే పిన్ని అడిగిన మొదటి మాట, "ఎక్కడున్నారు?"

"ఓడలో."

"ఓడ ఎక్కడుంది?"

"సముద్రంలో."

ఆ మాటతో పిన్ని మనసు విరిగిపోయిందని మా అమ్మ చెప్పేది. పిల్ల పోయినా చెప్పని చోటు ఏం చోటు? అలాంటి చోట ఇంకో ఇల్లు తప్ప ఏముంటుంది? పిన్ని అదే ఖాయం చేసుకుంది. మళ్ళీ పిల్లలు కలగలేదు. ఆయన రిటైరై, ఇద్దరూ హైదరాబాద్ వచ్చి, అమీర్‌పేటలో మా ఇంటికి రెండు సందుల అవతల ఫ్లాట్ తీసుకున్నాక కూడా ఆవిడ ఉతికే ముందు ఆయన చొక్కా జేబులు వెతికేది. ఆయన ఫోన్ మోగితే వంటింట్లో పొయ్యి తగ్గించేది. ఈయనేమో ఫోన్లో కూడా "ఆ... సరే... అలాగే" తప్ప మాట్లాడేవాడు కాదు.

ఒకసారి నన్ను పిలిచి తలుపు వేసింది. "మీ బాబాయి ఈ మధ్య మధ్యాహ్నాలు ఎక్కడికో పోతున్నాడే. తెల్లచొక్కా వేసుకుని మరీ. నువ్వొకసారి వెనకాలే వెళ్ళి చూసి రా."

"నేనేం పోలీసునా పిన్నీ?"

"తప్పులు పట్టే ఉద్యోగమే కదా నీది. ఇది కూడా పట్టు."

వెళ్ళాను. ఆయన మెట్రో ఎక్కలేదు. స్తంభాల నీడలో నడుచుకుంటూ పంజాగుట్ట వైపు సాగాడు. మధ్యలో ఒక చెప్పుల షాపు ముందు ఆగి, అద్దంలోకి చూశాడు. చెప్పుల కేసి కాదు, అద్దంలో తన వెనక ఎవరున్నారో చూసుకున్నాడు. నేను గబుక్కున ఒక జ్యూస్ బండి చాటుకి తప్పుకున్నాను. ఏమీ లేని మనిషి అలా చూసుకుంటాడా? పిన్నిదే నిజమేమో అనిపించింది.

పంజాగుట్టలో ఫ్లైఓవర్ దాటాక, ఫుట్‌పాత్ పక్కన ఒక గుంట తవ్వి ఉంది. పైన చిన్న గుడారం లాంటి గొడుగు. కింద ఇద్దరు కుర్రాళ్ళు కూర్చుని వెంట్రుకంత సన్నని ఇంటర్నెట్ తీగల్ని చిన్న యంత్రంలో పెట్టి అతుకుతున్నారు. బాబాయి వెళ్ళి గుంట అంచున నిలబడ్డాడు.

వాళ్ళలో ఒకడు తలెత్తాడు. "ఏంది తాతా, మల్ల వచ్చినవ్? నిన్న సుత వచ్చినవ్ కదా. కంపెనోళ్ళు పంపిండ్రా, మా పని చూడనీకి?"

"లేదు నాయనా, ఊరికే."

"ఊరికే ఎవడన్న గింత ఎండల నిలబడ్తడా? జర పక్కకు జరుగు, నీడ పడుతున్నది."

బాబాయి జరిగాడు. రెండోవాడు మెల్లిగా, కానీ వినబడేలా, "పోలీసు మనిషేమో అన్నా, మాటలు తగ్గించు" అన్నాడు. కుర్రాళ్ళు బాబాయిని అనుమానంగా చూస్తున్నారు, బాబాయి ఆ తీగల్ని అనుమానంగా చూస్తున్నాడు, నేను అందర్నీ చూస్తున్నాను. అలా ఎంతసేపో. చివరికి ఆయన వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"మీ పిన్ని పంపిందా?"

పక్కన ఆగున్న బైకు అద్దంలో కనబడ్డానట.

"లేదు బాబాయ్, షాపింగ్‌కి వచ్చా."

"చేతిలో సంచి లేదు," అన్నాడు.

ఇరానీ హోటల్లో టీ తాగించాడు. గుమ్మం కనబడే కుర్చీ ఆయన తీసుకున్నాడు. అక్కడేం చూస్తున్నావని అడిగితే, వాళ్ళు అతుకు వేసే తీరు చూస్తున్నానన్నాడు. నేను నవ్వాను. "అయితే పిన్నితో ఏమని చెప్పను?"

"నేను కనబడ్డానని చెప్పు. ఏం చేస్తూ కనబడ్డానో చెప్పకు."

"అదేంటి?"

"చెప్పినా నమ్మదమ్మలూ."

చెప్పాను. నమ్మలేదు. "రోడ్డు మీద గుంట చూడ్డానికి తెల్లచొక్కా ఎందుకే?" అంది పిన్ని.

ఇలాగే గడిచిపోయేదేమో, పిన్నికి గుండె ఆపరేషన్ రాకపోతే. పంజాగుట్టలోనే ఒక పెద్దాసుపత్రిలో చేర్చాం. ఆపరేషన్ రోజు పొద్దున, లోపలికి తీసుకెళ్ళడానికి ఇంకా సమయం ఉంది. పిన్ని పచ్చటి ఆసుపత్రి గౌనులో, బొట్టు లేకుండా, చిన్నపిల్లలా మంచం మీద కూర్చుంది. డాక్టరు ధైర్యంగానే చెప్పాడు గానీ ఆవిడ ఏదో తేల్చేసుకున్నట్టు ఉంది.

"ఏవండీ, ఇటు రండి," అంది. "నేను లోపలికెళ్ళాక ఏమవుతుందో తెలీదు. ఆవిడెవరో ఇప్పుడు చెప్పండి. నేనేమీ అనను."

"ఎవరూ లేరు సుభద్రా."

"మరి చిట్టి పోయిన రోజు ఎక్కడున్నారు?"

బాబాయి నావైపు చూశాడు. "నువ్వు కాస్త బయటికెళ్ళమ్మలూ."

పిన్ని నా మణికట్టు పట్టుకుంది. "అది ఇక్కడే ఉంటుంది. వినేవాళ్ళు ఇంకొకరు ఉండాలి."

ఆయన లేచి తలుపు తీసి నడవాలోకి చూసి, మూసి వచ్చాడు. మంచం చుట్టూ తెర లాగాడు. మా ఇద్దరి ఫోన్లూ తీసుకుని, తలగడ కింద పెట్టాడు. అప్పుడు గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. ఆయన అంతసేపు మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం.

"ఆ ఓడ నౌకాదళానిదే గానీ నడిపేది కంపెనీ. అందుకే మాలాంటివాళ్ళని బొంబాయిలో తీసుకునేవాళ్ళు. అది పుట్టినప్పుడు తుపాకులు కూడా బిగించారట. నేను ఎక్కేనాటికి తీసేశారు, బోల్టుల గుంటలు మిగిలాయి. మేం వాటిల్లో సిగరెట్లు ఆర్పేవాళ్ళం. మొదట్లో అది వేసిన తీగలు మాటలు మోసేవి కావు, సుభద్రా. వినేవి. సముద్రం అడుగున చెవులు పెట్టినట్టు. పైన ఎవరికీ తెలీకుండా జలాంతర్గామి పోతుంటే, దాని చప్పుడు ఒడ్డున ఏ గదిలోనో కూర్చున్నవాడు వినేవాడు. చేపల పడవల వలలు తగిలి ఆ తీగలు తెగేవి. ఎవడైనా కావాలని తెంపాడేమోనని వాళ్ళ అనుమానం. ప్రతి తెగుడుకీ మమ్మల్ని పరుగెత్తించేవాళ్ళు. సగం ఓడ మాది, సగం వాళ్ళది. వాళ్ళ గదుల ముందు తుపాకీతో మనిషి ఉండేవాడు. పటాలన్నీ ఆ గదుల్లోనే."

కాస్త నీళ్ళు తాగాడు.

"తర్వాత ఆ చెవులకి వయసైపోయింది. కొత్తవేవో వచ్చాయన్నారు. మా ఓడకి రంగు మార్చారు, పేరు చెరిపేసి అంకె రాశారు. కొన్నాళ్ళు మామూలు టెలిఫోన్ తీగలు బాగుచేసింది. కొన్నాళ్ళు రేవులో ఊరికే కట్టేసి ఉంచారు. చివరికి అమ్మేశారు. గుజరాత్‌లో ఓడలు విరగ్గొట్టే ఒడ్డుంది చూడు, అక్కడికి తోలుకెళ్ళిన ఆఖరి జట్టులో నేనున్నాను. మంచి పోటు చూసి, ఇంజను పూర్తిగా వదిలి, ఇసకలోకి ఎక్కించేశాం. మేం తాడు పట్టుకుని దిగుతుండగానే అవతల మనుషులు ముక్కు దగ్గర చక్రాలు కోయడం మొదలెట్టారు."

"ఓడ సంగతి సరే," అంది పిన్ని. "చిట్టి సంగతి చెప్పండి."

"ఆ రోజు పెద్ద గాలి. తెగిన కొస ఒకటి ఓడ మీద ఉంది, రెండోది తేలే పీపాకి కట్టి నీళ్ళలో ఉంది. అతుకు పూర్తయ్యేదాకా ఓడ కదలకూడదు. వైర్‌లెస్ కూడా ఆపేశారు. ఎర్ర చేతిజోళ్ళ ఆఫీసరు ఒకడుండేవాడు, వాడి జేబులో ఉందట మన టెలిగ్రాం. అతుకు వేసి, తీగ నీళ్ళలోకి వదిలేశాక ఇచ్చాడు. ఆ రోజు మాకు బంగాళాదుంపల కూర. ప్లేటు చేతిలో పట్టుకునే చదివాను."

"ఎక్కడ?"

బాబాయి కళ్ళు నాలుగు మూలలా తిరగలేదు ఈసారి. నేల చూశాడు.

"నాకు తెలీదు సుభద్రా."

"అంటే?"

"ఎక్కడికి పోతున్నామో మాకు చెప్పేవాళ్ళు కాదు. నా పని తొట్టిలో. తీగ చుట్టలు పేర్చే గుండ్రటి తొట్టి, ఇంటికంటే లోతు. పైనుంచి తీగ దిగుతుంటే, దాన్ని పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ చుట్లు పేర్చాలి. తలెత్తితే పళ్ళెమంత ఆకాశం. అదీ ఎప్పుడూ బూడిద రంగే. చలి ఉండేది, అంతే తెలుసు. ఒట్టు పెట్టుకున్నాను, చెప్పకూడదు అని నీతో అనేవాణ్ణి. చెప్పడానికి నా దగ్గర ఏముంది గనక? ఇన్నేళ్ళు ఎక్కడ పనిచేశావయ్యా అంటే తెలీదని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

పిన్ని ఆయన్నే చూస్తోంది. మేడ మీద ఆయన చుట్లు నాకు గుర్తొచ్చాయి. ఆవిడకీ గుర్తొచ్చి ఉంటాయి.

"ఇంతేనా?" అంది.

"ఇంతే."

"దీనికా నన్ను ఇన్నేళ్ళు కాల్చుకుతిన్నారు?" అంది. కోపంగా అనబోయింది గానీ గొంతులో కోపం నిలవలేదు. మనుషులొచ్చి మంచం తోసుకుపోతుంటే ఆయన చెయ్యి వదల్లేదు. ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర నర్సు విడిపించాల్సి వచ్చింది.

ఆ తర్వాత వాళ్ళు బాగున్నారు. నిజంగానే బాగున్నారు. బాబాయి జబ్బు తిరగబడింది. కాలు బయటపెడితే చాలు, ఫోన్ చేసి చెప్పేవాడు. "మైత్రీవనం దగ్గరున్నాను. ఎడమ పక్కన జిరాక్స్ షాపు. ఇప్పుడు రోడ్డు దాటుతున్నాను." పిన్ని ఆ ఫోన్లు స్పీకర్లో పెట్టుకుని బీరకాయలు తరిగేది. ఒకరోజు నాతో, "అడక్కుండానే ఇంత చెబుతున్నాడేంటే? ఏదో ఉంది," అని, తనే పకపకా నవ్వింది. ఆవిడ అలా నవ్వడం నా ఎరుకలో అదే మొదలు.

నాకు మాత్రం ఒక ముల్లు మిగిలిపోయింది. ఎన్నడూ రెండు మాటలు కలిపి చెప్పని మనిషి, ఆ ఒక్క రోజు గురించి మాత్రం గాలి దగ్గర్నుంచి బంగాళాదుంపల కూర దాకా చెప్పాడు. నా క్లాసులో ఎవడైనా అడిగినదానికంటే ఎక్కువ వివరాలతో జవాబిస్తే, ఆ చోటే ఇంకోసారి నొక్కి చూడమంటాను. పిన్ని నవ్వుతోంది కదా అని ఊరుకున్నాను.

రెండేళ్ళ తర్వాత బాబాయి ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు.

తర్వాత రెండు మూడు రోజులకి ఆయన ఫోన్ మోగింది. నేనే ఎత్తాను. యాదగిరి అని, ఓడలో వంటవాడిగా పనిచేశాడట. ఇప్పుడు బోరబండలో కొడుకు దగ్గర ఉంటున్నాడట. సంగతి చెప్పాను. పదకొండో రోజున ఇంటికి వచ్చాడు. పలచటి మనిషి, నెరిసిన గడ్డం. గోడకున్న ఫొటో ముందు చేతులు జోడించి చాలాసేపు నిలబడ్డాడు. వచ్చిన చుట్టాలందరూ తిని వెళ్ళిపోయారు. పిన్ని వంటింట్లో ఆయన కోసం వడ్డిస్తోంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

ఓడ గురించి అడిగాను. నిజం చెప్పాలంటే, సరిచూసుకోవడానికే అడిగాను. తుపాకుల బోల్టు గుంటలు? "ఉండె బిడ్డా, సిగరెట్లు గండ్లనే ఆర్పుతుంటిమి." తాళం వేసిన గదులు? "గా దిక్కు చూస్తే సుత తిడ్తుండ్రి." ఓడ ఎక్కడుందో మీకూ తెలిసేది కాదా? "ఎట్ల తెలుస్తది? గింత చలి ఉంటే ఉత్తరం దిక్కని అనుకుంటుంటిమి."

నా గుండె తేలికపడింది. అన్నీ నిజాలే. ఆ తేలికలోనే అనేశాను.

"పాప పోయిన రోజు కూడా పెద్ద గాలిలో అతుకు వేస్తున్నారట కదా. ఎర్ర చేతిజోళ్ళ ఆఫీసరు టెలిగ్రాం జేబులో దాచేశాడట."

యాదగిరి కనుబొమలు ముడిపడ్డాయి. "గా గాలి నాకు యాదికున్నది. గది పాప పోయినంక గదా, మరుసటి యేడు. పాప పోయినప్పుడు ఓడ యాడ నడిచింది బిడ్డా? ఇంజన్లు మార్చనీకి డాక్‌ల పెట్టిండ్రు. మమ్మల్ని అందర్ని బొంబాయికి..."

నా మొహం చూసి ఆగిపోయాడు. అప్పటికే ఆలస్యమైంది. వంటింటి గుమ్మంలో పిన్ని విస్తరాకు పట్టుకుని నిలబడి ఉంది.

"చెప్పండి," అంది.

"జానేదో వదినా. నాకు సరిగ యాదికి లేదు."

"ఉంది. చెప్పండి."

ఆయన గోడ మీద ఫొటో వంక చూశాడు. తర్వాత తల దించుకుని చెప్పాడు.

ఓడ డాక్‌లో ఉండటంతో అందర్నీ బొంబాయి పంపేశారు, ఇళ్ళకి వెళ్ళమని. బాబాయి సంబరంగా పెట్టె సర్దుకుని దిగాడు. లెక్క తీసుకోవడానికి కంపెనీ ఆఫీసుకి వెళితే, గుమాస్తా టెలిగ్రాం చేతిలో పెట్టాడు. అప్పటికి పాప పోయి వారం దాటింది. బాబాయి చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, యాదగిరితో పాటు నావికులుండే లాడ్జికి నడిచాడు. పెట్టె మంచం కింద పెట్టాడు. దాన్ని మళ్ళీ విప్పలేదు.

"నేను శానసార్లు చెప్పిన వదినా. పో భాయ్, ఇంటికాడ వదినమ్మ ఒక్కతే ఉంటది, పో అని. రోజు పొద్దుమూకితే స్టేషన్‌కు పోతుండె. టికెట్ సుత కొంటుండె. మన దిక్కు బండి కదిలేదాక రైలు పెట్టె పక్కన నిలబడుతుండె. బండి పోయినంక వాపస్ వస్తుండె. ఒకనాడు నాకు కోపమొచ్చి గల్లా పట్టుకున్న. గప్పుడన్నడు, 'ఇంటికి పోతే పాప లేదు యాదగిరీ. ఈడుంటే ఇంటికాడ ఉన్నది' అని. ఇగ నేనేం అనలే. ఓడ తయారైందని మమ్మల్ని మల్ల పిలిచిండ్రు. పోయినం. ఇంటికి రానీకి ఆయనకు ఇంకొన్ని నెలలు పట్టింది."

పిన్ని విస్తరాకు నేల మీద పరిచి, నీళ్ళు చిలకరించింది. అన్నం పెట్టింది, పప్పు వేసింది. "కూర్చోండి," అంది. ఆయన కూర్చున్నాడు గానీ చెయ్యి అన్నంలో పెట్టలేదు.

"ఒక్క మాట నిజం చెప్పండి అన్నయ్యగారూ. అక్కడ ఎవరైనా ఉండేదా?"

"నా కొడుకు మీద ఒట్టు వదినా. ఎవలు లేకుండె. నేనొక్కన్నే ఉంటి."

పిన్ని నెయ్యి గిన్నె చేతిలో పట్టుకునే గోడకి చేరగిలబడింది. నేను లేచి దగ్గరికెళ్ళబోతే వద్దన్నట్టు తల ఊపింది.

"ఉంటే బాగుండేది," అంది. "ఎవత్తో ఒకత్తి ఉంటే బాగుండేదే. ఇన్నేళ్ళు దాన్ని తిట్టుకుంటూ బతికాను, మిగిలిన నాలుగు రోజులూ అలాగే గడిపేసేదాన్ని. బండి ఎక్కలేక అక్కడ నిలబడ్డవాణ్ణి ఏమని తిట్టను?"

తర్వాత కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ముందుకి వంగి, యాదగిరి విస్తట్లో నెయ్యి వేసింది.

"తినండి," అంది. "చల్లారిపోతోంది. తిన్నాక మళ్ళీ మొదట్నుంచి చెప్పండి."